కొయ్యకాలులో పురుగు నిద్ర – లెఫ్రాయ్ కథ

మందు కొట్టి గట్టు మీద కళ్ళు తిరిగి పడిన కూలీలను మేం డెల్టా ఊళ్ళలో చూశాం. అలాంటి విషానికే ఒక పురుగుల శాస్త్రవేత్త కూడా బలయ్యాడు.

హెరాల్డ్ మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1877లో ఇంగ్లండులో పుట్టాడు. 1903లో తెల్లదొరల ప్రభుత్వం ఆయన్ని మన దేశానికి తెచ్చింది. బీహారులోని పూసాలో పనిచేశాడు. మన పంటల పురుగులు ఏం తింటాయో, ఎలా బతుకుతాయో 1906లో, 1909లో పుస్తకాలు రాశాడు.

పురుగు బతుకు తెలిస్తే సగం గెలిచినట్టే. వరిలో తెల్లకంకి తెచ్చే ఊసతిరుగుడు పురుగునే చూడండి. సార్వా కోతయ్యాక కొయ్యకాలు అడుక్కి దిగుతుంది. తిండి మాని, ఒంట్లో కొవ్వు మీదే చలికాలం గడుపుతుంది. వెచ్చబడితే రెక్కల పురుగై లేస్తుంది. కనుక నేలమట్టంగా కోసి, వెంటనే దున్ని నీరు నిలగడితే నిద్రలోనే చాలావరకు చస్తుంది.

లెఫ్రాయ్ 1912లో లండన్‌లో ప్రొఫెసరయ్యాడు. 1925 అక్టోబరులో పురుగుల్ని చంపే గ్యాసును పరీక్షిస్తూ ప్రయోగశాలలోనే స్పృహ తప్పాడు. నాలుగు రోజులకు పోయాడు. అప్పటికి 48 ఏళ్ళే.

అంత తెలిసినవాడినే మింగిన విషం, మూతికి గుడ్డయినా లేని కూలీని వదులుతుందా? దున్నే పనికి కూలి ఇవ్వండి, మందు తగ్గుతుంది. కొట్టక తప్పనిచోట ముసుగు, చేతి తొడుగులు ఇచ్చాకే డబ్బా భుజానికెత్తుదాం.