కావడి దించాకే దొరికిన ప్రశాంతత

తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు మీదికి నడకకు వచ్చేవాళ్ల కంటే ముందే చీపుర్లు వస్తాయి. సముద్రపు గాలి పీల్చి మనసు కుదుటపరచుకోవాలని వచ్చేవాళ్లకు రోడ్డు అప్పటికే శుభ్రంగా కనిపిస్తుంది. ఊడ్చినవాళ్ల ముఖం మాత్రం చాలామందికి కనిపించదు. ఉత్తరాంధ్రలో ఈ పని తరతరాలుగా ఎక్కువగా రెల్లి కులస్థుల మీద పడింది. దాదాపు 2,500 ఏళ్ల క్రితం మగధ రాజధాని రాజగృహంలోనూ ఇలాగే తెల్లవారేది. అక్కడ వీధులు ఊడ్చిన ఒకాయన పేరు సునీతుడు.

ఆయన బతుకు మనకు తెలిసింది ఆయన నోటి నుంచే. బుద్ధుడి భిక్షువులు తమ జీవితాల గురించి చెప్పుకున్న పాళీ గాథల సంపుటి థేరగాథలు. అందులో 12 గాథలు సునీతుడివి. ఊడ్చేవాడి గురించి ఇంకెవరో జాలిపడి రాసినవి కావు. తన కథ తానే చెప్పుకున్నాడు కాబట్టే అది ఇవాళ్టికీ మనకు సాక్ష్యం.

సునీతుడు నీచమని ముద్ర వేసిన కులంలో, పేదరికంలో పుట్టాడు. ఇంట్లో తిండికి ఎప్పుడూ కరువే. కులం అప్పగించిన పని వాడిన పూలు, చెత్త ఎత్తిపారేయడం. జనం అసహ్యించుకునేవాళ్లు, తిట్టేవాళ్లు. ఎవరు ఎదురొచ్చినా తలవంచి మొక్కేవాడు. ఆ మొక్కులో గౌరవం లేదు, భయం ఉంది. దెబ్బ పడకుండా కాచుకోవడం ఉంది. పల్లెల్లో పెత్తందార్ల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన మన తాతలకు ఆ నమస్కారం తెలుసు.

ఒక ఉదయం సునీతుడు చెత్త కుప్పలు చేసి, బుట్టల్లో నింపి, కావడి భుజానికెత్తుకున్నాడు. అదే వీధిలోకి బుద్ధుడు భిక్షువులతో భిక్షకు వచ్చాడు. పక్కకు తప్పుకుందామంటే చోటు లేదు. సునీతుడు కావడిని గోడ వారగా పెట్టి, గోడకు అతుక్కుపోయినట్టు నిలబడి చేతులు జోడించాడు. బుద్ధుడు దాటిపోలేదు, ఆగాడు. ఈ బతుకు నీకెందుకు, దీన్ని వదిలి సంఘంలోకి రాగలవా అని అడిగాడు. చేర్చుకోమని సునీతుడు వేడుకున్నాడు. బుద్ధుడు ఆయన్ని భిక్షువని పిలిచి రమ్మన్నాడు. ఆ పిలుపే దీక్ష అయింది. శుద్ధి చేయలేదు, కులం ఆరా తీయలేదు.

తర్వాత సునీతుడు ఒంటరిగా అడవిలో ఉండి, గురువు చెప్పినట్టు అలసట లేకుండా సాధన చేశాడు. బుద్ధుడు భిక్షువులకు నేర్పిన సాధన సతిపట్టాన సుత్తంలో వివరంగా ఉంది. ఊపిరి లోపలికి వెళ్తుంటే వెళ్తోందని, బయటికి వస్తుంటే వస్తోందని తెలిసి ఉండాలి. నడుస్తుంటే నడుస్తున్నానని, నొప్పి ఉంటే నొప్పి ఉందని, కోపం వస్తే కోపం వచ్చిందని తెలిసి ఉండాలి. పాళీలో దీన్ని సతి అంటారు. మన తెలుగులో ఎరుక అన్న మాట సరిపోతుంది. బాధ లేదనుకోమని అందులో ఎక్కడా లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమనే ఉంది. ఏళ్ల తరబడి ఇతరుల అసహ్యాన్ని మోసినవాడికి ఇది చిన్న సంగతి కాదు. వాళ్ల కళ్లతో తనను తాను చూసుకోవడం అక్కడితో ఆగుతుంది.

ఒక రాత్రి మూడు జాముల్లో ఆయన అజ్ఞానపు చీకటి పూర్తిగా తొలగిందని గాథలు చెబుతాయి. పొద్దు పొడిచేసరికి ఇంద్రుడు, బ్రహ్మ వచ్చి సునీతుడికి చేతులు జోడించారట. అది చూసి బుద్ధుడు చిరునవ్వు నవ్వి, మనిషిని ఉన్నతుణ్ని చేసేది తపస్సు, నిగ్రహం, మంచి నడవడి అని చెప్పాడు. దేవతల సంగతి నమ్మినా నమ్మకపోయినా, అందరికీ మొక్కిన చేతులకు ఎదురు నమస్కారం దక్కిందన్నది ఇక్కడ అర్థం చేసుకోవలసిన విషయం.

ఆ సాధన విశాఖకు కొత్తది కాదు. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ ఒకప్పటి బౌద్ధ ఆరామం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికి ఆ పేరొచ్చింది. భిక్షువులు ఉన్న చిన్న చిన్న గదుల పునాదులు అక్కడ ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. బావికొండ, అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ కూడా అలాంటివే. ఊపిరిని గమనిస్తూ కూర్చున్న మనుషులు ఈ తీరంలో రెండు వేల ఏళ్ల క్రితమే ఉన్నారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ సునీతుణ్ని మరిచిపోలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన ఆయన, మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఈ కథ చెప్పారు. మంగలి ఉపాలి, అంటరానివారైన సోపాకుడు, సుప్పియుడు మొదలైనవాళ్ల సరసన సునీతుణ్ని నిలబెట్టారు.

ఇవాళ ప్రశాంతత పెద్ద వ్యాపారం. ఈ క్షణంలో ఉండండి, ఉన్నదాన్ని అంగీకరించండి అనే బోధలకు కొదవ లేదు. పాకీపనిలోనే ఆధ్యాత్మిక అనుభూతి ఉందని పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు అనడమూ విన్నాం. సునీతుడి జీవితం దీనికి సరిగ్గా ఎదురు నిలుస్తుంది. చెత్త మోస్తూనే శాంతంగా ఉండమని బుద్ధుడు ఆయనకు చెప్పలేదు. ముందు కావడి దిగింది, తర్వాతే ధ్యానం. ఈ వరస తిరగబడితే ధ్యానం కూడా మరో సంకెళ్లే.

మన దేశంలో ఆ కావడి ఇంకా దిగలేదు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో, మళ్లీ 2013లో చట్టాలు వచ్చాయి. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు రూ. 10 లక్షలు ఇవ్వాలని 2014లో, ఆ మొత్తాన్ని రూ. 30 లక్షలకు పెంచాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మ్యాన్‌హోల్‌లోకి దిగినవాడికి ఊపిరి మీద ధ్యాస పెట్టమని ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ ఊపిరే అందదు.

అందుకే సునీతుడి కథను రెండు సగాలుగా విడదీయకూడదు. హక్కు కోసం పోరాడేవాళ్లకు లోపలి ప్రశాంతత కూడా కావాలి, అవమానం మనసును తినేయకుండా. ప్రశాంతత బోధించేవాళ్లు ముందు ఎదుటివాడి భుజం మీది బరువు చూడాలి. రేపు తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నడిచేటప్పుడు, చీపురు పట్టిన మనిషి దగ్గర ఒక్క క్షణం ఆగి నమస్కారం పెట్టండి. ఆ చీపురు ఆయన పిల్లల చేతికి రాకుండా ఏం చేయాలన్నది అక్కడే మొదలవ్వాల్సిన ఆలోచన.