రాబర్ట్ రైక్స్: పేదపిల్లలకు అక్షరాలు పంచిన వ్యాపారి

ఆదివారపు బడి అనగానే మనకు పాటలు, కంఠత వాక్యాలు గుర్తుకు వస్తాయి. మొదట అది అక్షరాలు నేర్పిన బడి.

1736లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో జన్మించిన రాబర్ట్ రైక్స్ గారు బోధకులు కారు. తండ్రి తరువాత అచ్చుకూటమును, వార్తాపత్రికను నడిపిన వ్యాపారి. వారమంతా గుండుసూదుల కర్మాగారాల్లో పనిచేసి, ఆదివారం వీధులలో తిరుగాడే పిల్లలను చూచి ఆయన మనస్సు కరిగింది. 1780లో, సంఘకాపరి థామస్ స్టాక్ గారి తోడ్పాటుతో, స్త్రీలకు జీతమిచ్చి వారికి చదువు చెప్పించారు. విశ్రాంతి దినమును మీరుతున్నారని కొందరు ఆక్షేపించినా ఆగలేదు. 1783లో తన పత్రికలోనే ఈ సంగతి ప్రకటించగా, ఇతర పట్టణాలలోనూ అట్టి బడులు లేచాయి. 1811లో ప్రభువునందు నిద్రించారు.

మిర్చి, పత్తి బస్తాలు దిగే ఎనుమాముల మార్కెట్టులో వ్యాపారం చేసే ప్రియ విశ్వాసులారా, హమాలీల బిడ్డలకొరకు ఒక టీచరమ్మ జీతం, కొన్ని పలకలు మీ ఖాతా పుస్తకంలో చేర్చండి. అదియూ కానుకే.