బ్రౌను దొరయు ఆరక్షరముల మాటయు

మన పాఠశాలలోని బాలబాలికలకు ఇంగ్లీషు మాటల ఆట యనిన మిక్కిలి ప్రీతి. ఆరక్షరముల మాట కావలెను, అందు ఏ యను అక్షరమును ఈ యను అక్షరమును ఉండవలెను అని ఒకరడుగుదురు. మార్కెట్, గార్డెన్, ఫాదర్ అని తక్కినవారు వరుసగా వ్రాయుదురు. ఆ వరుసలోనిదే ఫామిన్ అను మాటయు. ఎఫ్, ఏ, ఎమ్, ఐ, ఎన్, ఈ. కరవు అని దాని యర్థము. ఆటలో దానికిని తక్కినవానికిని భేదము లేదు. కాని 1833 ప్రాంతమున ఈ యొక్క మాటను ప్రభుత్వ పత్రములలో వ్రాసినందులకు ఒక దొర తన పై యధికారుల ఆక్షేపణకు గురియయ్యెను. ఆయనయే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 వ సంవత్సరము నవంబరు 10 వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ బోధకుడు, ఫోర్టు విలియం కళాశాలకు అధ్యక్షుడుగ నుండినవాడు. ఇంటిలోనే పిల్లలకు పలుభాషలు నేర్పించెను. 1812 లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. ఛార్లెసు హెయిలీబరీ కళాశాలలో చదివి, కుంఫిణీ కొలువునకై 1817 లో చెన్నపట్నమునకు వచ్చెను. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. వెలగపూడి కోదండరామపంతులు ఆయనకు ఓనమాలు దిద్దించిన గురువు. 1820 లో పరీక్ష నెగ్గి కడపలో ఉద్యోగమున చేరెను.

కడపనుండి బందరునకు వచ్చుట మన సీమకు సంబంధించిన సంగతి. బందరును ఆనాటి దొరలు మసూలిపటం అని పదునొకండు ఇంగ్లీషు అక్షరములతో వ్రాసెడివారు. మనవారు పిలిచెడి పేరునకు ఆరక్షరములు చాలును! అచ్చట బ్రౌను 1823 లో బీదపిల్లలకై ఉచిత పాఠశాల నొకదానిని నడపెను. అంతకు పూర్వమే కడపలో రెండు స్థాపించియుండెను. కచ్చేరి పనికి చాలునంత తెలుగు వచ్చినను పద్యము చదివిన ఒక్కటియు తెలియకుండుట ఆయనకు పెద్ద కొరతగ తోచెను. బందరులో తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి అను పండితుల యొద్ద ఛందస్సు నేర్చెను. 1824 లో ఒక ఫ్రెంచి గురువు రచించిన గ్రంథములో వేమన పేరు చూచి, ఆ పద్యముల వ్రాతప్రతులను వెదకింప నారంభించెను. ఛందస్సును గూర్చిన ఆయన పుస్తకము 1827 లోను, వేమన పద్యములు ఇంగ్లీషు అనువాదముతో 1829 లోను అచ్చుపడెను.

ఇచ్చట బందరువాడే యగు మరియొక పెద్దను తలపకుండుట న్యాయము కాదు. మన పూర్వుల నిఘంటువులు పద్యములలో నుండెడివి. ఒక వస్తువునకు ఎన్ని పేర్లో ఒకచోట చేర్చి చెప్పును. కంఠస్థము చేసినవానికే అవి యుపయోగపడును. మాట తెలిసి అర్థము తెలియనివాడు దానిని వెదకుకొను దారి లేదు. అక్షరక్రమమున మాటలు కూర్చి ఆ దారి చూపినది మామిడి వెంకయ్య. ఆయన ఆంధ్రదీపిక 1806 నాటిది. వర్తక కులమున పుట్టిన ఈ పండితుని శ్రమ క్యాంబెల్ దొర నిఘంటువునకును ఆధారమయ్యెను. బ్రౌను నడచిన బాట ఇట్లు బందరులోనే కొంత వేయబడియుండెను.

నందన సంవత్సరమున, అనగా 1832-33 లో, వానలు కురియలేదు. ఆనాడు బెజవాడ ఆనకట్ట లేదు. దాని పని 1852 లో గాని మొదలు కాలేదు. మన గుడ్లవల్లేరు ప్రాంతమున నేడు కాలువనీటితో పండెడి పొలములు అప్పుడు ఆకాశమువంక చూచునవియే. గుంటూరుసీమ దుస్థితి చెప్పనలవి కాదు. ఐదు లక్షల జనములో సుమారు రెండు లక్షలు నశించిరని నాటి లెక్కలు. డొక్కలు బయటపడిన మనుష్యులను చూచి ప్రజలు దానికి డొక్కల కరవని పేరు పెట్టిరి.

ఆ సమయమున బ్రౌను గుంటూరులో అధికారి. పైవారికి ఆయన వ్రాసిన నివేదికలలో ఫామిన్ అను మాటనే వాడెను. పైవారికి అది రుచింపలేదు. స్కేర్సిటీ యని మరియొక మాట కలదు, ఎనిమిదక్షరములది. కొరత యని దాని భావము. కొరత యనిన ధాన్యము కొంత తగ్గినదని యర్థము. నేడు లేనిది రేపు వచ్చును. కరవనిన మనుష్యులు చచ్చుచున్నారని యర్థము. అట్లని ఒప్పుకొన్నచో శిస్తు మాట యేమి, గంజి పోయు ఖర్చు మాట యేమి యను ప్రశ్నలు వెంటనే లేచును. నిఘంటుకారునికి మాటల బరువు తెలియును గదా! శవములు పడియున్న బాటలను చూచినవాడు కొరత యని యెట్లు వ్రాయును? 1834 లో ఆయన ఉద్యోగము పోయెను. ఈ రెంటిని ముడిపెట్టి కథ చెప్పుట సులభము. కాని నేనట్లు ముడిపెట్టను. ఆయనకు పై యధికారులతో వేరు తగవులును లేకపోలేదు.

ఇంగ్లండులో నుండిన కాలమున సయితము ఆయన ఊరకుండలేదు. లండనులో కుంఫిణీ పుస్తకశాలయందు దుమ్ముపట్టి పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను వెదకి, అవి చెన్నపట్నము చేరునట్లు చేసెను. 1837 లో పారసీక భాషాంతరీకరణ ఉద్యోగిగా తిరిగివచ్చెను. పిమ్మట 1846 లో తపాలాశాఖకు అధిపతి యయ్యెను. జీతము పండితులకును వ్రాయసగాండ్రకును పోయెడిది, చాలనిచో అప్పు. ఒక కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, ఒకదానితో నొకటి పోల్చి, తప్పులు దిద్దించి, శుద్ధప్రతి వ్రాయించుట ఆయన పద్ధతి. జూలూరి అప్పయ్యశాస్త్రి వ్యాఖ్యానముతో వసుచరిత్రము 1844 లోను, మనుచరిత్రము 1851 లోను ఇట్లే వెలువడెను. దొర యొక్కడే ఇంత చేసెనని చెప్పుట అన్యాయము. ఆ పండితులు లేనిచో ఆయన పేరు మనకు తెలియకపోవును.

నిఘంటువులు 1852 మొదలు 1854 వరకు అచ్చుపడెను. తెలుగునకు ఇంగ్లీషు, ఇంగ్లీషునకు తెలుగు, వీనికి తోడు అన్యదేశ్యములకు వేరొకటి. కచ్చేరీలలో వాడుకయగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి వివరించిన జిల్లా నిఘంటువు మరియొకటి. కావ్యములలోని మాటలతోపాటు సంతలోను పొలములోను వినబడు మాటలకును ఆయన చోటిచ్చెను. గ్రామ్యములని కొందరు పండితులు ముక్కు విరిచిన మాటలు ఎన్నియో ఆ పుస్తకమువలననే నేటికిని నిలిచియున్నవి. ఇది నా యభిప్రాయమున ఆయన చేసిన పనులన్నిటిలో గొప్పది.

1855 లో ఆయన ఇంగ్లండునకు మరలిపోయెను. తరువాత లండను విశ్వవిద్యాలయమున తెలుగు బోధించెను. పెండ్లి చేసికొనలేదు. 1884 డిసెంబరు 12 వ తేదీన మరణింపగా లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానమున సమాధి చేసిరి. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు సవరింపబడి 1903 లో మరల అచ్చుపడెను. ఆ సవరణలో చేయివేసినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులు ఒకరు. కడపలో ఆయన నివసించిన బంగళా స్థలమున ఇప్పుడొక గ్రంథాలయము ఆయన పేర నడచుచున్నది.