పంతులుగారు పట్టుకున్న రాళ్లు

మా బడి రోజుల్లో ఊరి చెరువుకట్ట పక్కన ఒక నిలువు రాయి ఉండేది. సాయంత్రాలు దాని మీద బొగ్గుతో మూడు గీతలు గీసి వికెట్లు చేసుకునేవాళ్లం. గీసింది నేనే, ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. ఒకనాడు అటుగా వచ్చిన మా తెలుగు సారు కోప్పడలేదు. చెరువు నీళ్లు తెప్పించి, కొబ్బరిపీచుతో నా చేతనే కడిగించారు. తడిసిన రాయి మీద అక్షరాలు తేలాయి. అక్కడే కట్ట మీద కూర్చోబెట్టి ఆదిరాజు వీరభద్రరావు గారి సంగతి చెప్పారు.

ఆదిరాజు వారు 1890లో మధిర తాలూకా దెందుకూరులో పుట్టారు. అప్పట్లో అది మన వరంగల్ జిల్లాయే. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి హైదరాబాదులో వంటపని చేసి పెంచింది. రావిచెట్టు రంగారావు గారి ఇంటి అండన చదువు సాగింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది ఆ ఇంట్లోనే. వంటింటి పిల్లవాడికి పుస్తకాల గది పక్కనే దొరికిందన్నమాట! పెద్దయ్యాక ఆయనా మన సార్ల మాదిరి బడిపంతులే, చాదర్‌ఘాట్ హైస్కూలులో తెలుగు చెప్పారు. నిజాం రాజ్యంలో పైచదువులు ఎక్కువగా ఉర్దూలో నడిచిన కాలమది.

1923లో కొమర్రాజు లక్ష్మణరావు గారు కన్నుమూశాక ఆయన పేరు పెట్టుకున్న పరిశోధక మండలికి ఆదిరాజు వారు కార్యదర్శిగా పనిచేశారు. ఊళ్లలో పడివున్న శాసనాలకు నకళ్లు తీయించడం మండలి పని. వినడానికి తేలికే. రాయిని కడగాలి, తడికాగితం పరవాలి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపాలి, ఆపైన సిరా అద్దాలి. నల్లని కాగితం మీద తెల్లగా అక్షరాలు లేస్తాయి. మధ్యలో గాలి వీచి కాగితం చిరిగిందా, మళ్లీ మొదటికే. 1935లో మండలి అచ్చువేసిన తెలంగాణా శాసనములు ఆ కష్టం ఫలితమే. మన కోటనేలిన షితాబుఖాను అసలు సీతాపతి అని ఆదిరాజు వారు రాశారు. కోటలో ఆ దొరది 1504 నాటి శాసనం ఉంది.

ఆదిరాజు వారు 1973లో పోయారు. నేను ఉద్యోగంలో చేరాక లైబ్రరీలో ఆ శాసనాల పుస్తకం తీసి, మా రాయి కోసం పేజీలన్నీ తిప్పాను. లేదు. ఊరికి పోయి చూస్తే కట్ట మీద కొత్త రోడ్డు పడింది, రాయి ఎటు పోయిందో చెప్పేవాళ్లు లేరు. నా బొగ్గు గీతల కింద ఆనాడు తేలిన అక్షరాల్లో ‘శ్రీ’ ఒక్కటే నాకు గుర్తుంది.