కఱ్ఱలోని నారను గనుఁగొన్న పాయెన్

ఆన్సెల్మ్ పాయెన్ పారిసు నగరమున 1795లో జన్మించెను. తండ్రి యతనిని బడికిఁ బంపక యింటనే శాస్త్రములు నేర్పెను. (ఇది మన విద్యార్థుల కాదర్శము గాదు సుమా!) యౌవనముననే యతఁడు వెలిగారపు కర్మాగారమును నడపెను. పెర్సో యను పండితునితోఁ గూడి 1833లో, మొలకెత్తిన యవలనుండి, పిండిని జక్కెరగా మార్చు డయాస్టేసును వేఱుచేసెను. పిదపఁ బలుజాతుల కఱ్ఱలను నత్రికామ్లముతోను క్షారముతోను శోధింపఁగా, ప్రతిదానినుండియు నొకే తెల్లని పదార్థము మిగిలెను. దాని మూలద్రవ్యముల పాళ్లు పిండి పాళ్లే! 1838లో నీ సంగతిని బ్రకటించెను. మఱుసటియేఁట దానికి సెల్యులోసను పేరు కలిగెను. 1871లో నతఁడు పారిసులోనే మరణించెను.

పిండితోడి యా చుట్టరికమే నేఁటికిని గాగితపు మిల్లులకుఁ జిక్కు. సెల్యులోసును జక్కెర కణముల గొలుసే యగుటచేత, కఱ్ఱముక్కలను వేఁడి క్షారద్రవమున నుడికించునపుడు, తొలఁగవలసిన లిగ్నినుతోపాటు గొలుసు కొనలును నొక్కొక్క కణముగా నూడి కరఁగును. ఆ మేరకు నార తఱుగును.