ఊపిరిని విన్న వైద్యుడు

వైద్యుల మెడలో కనిపించే స్టెతస్కోపును కనుగొన్నవాడు రెనే లెనెక్. ఆయన 1781లో ఫ్రాన్సు దేశంలోని కెంపేర్ పట్టణంలో జన్మించాడు. పసితనంలోనే తల్లిని కోల్పోయి, వైద్యుడైన తండ్రి సోదరుని చెంత పెరిగి, వైద్యవిద్య నభ్యసించాడు.

ఛాతీపై చెవి ఆనించి వినుట ఆనాటి పద్ధతి. 1816లో హృద్రోగంతో వచ్చిన ఒక యువతిని అలా పరీక్షించడం మర్యాద కాదని తలచి, లెనెక్ కాగితాలను గొట్టంలా చుట్టి ఆనించాడు. గుండెచప్పుడు ఎంతో స్పష్టంగా వినిపించింది. పిదప కొయ్యగొట్టం రూపొందించి, ఊపిరితిత్తుల శబ్దాలను బట్టి క్షయ, న్యుమోనియా వంటి వ్యాధులను వేర్వేరుగా గుర్తించాడు. ఆ ఫలితాలను 1819లో గ్రంథంగా ప్రకటించాడు.

ఆయనది దుర్బల శరీరం, తరచు ఆయాసపడేవాడు. గ్రంథం వెలువడిన పిమ్మట స్వప్రాంతమైన బ్రిటనీకి మరలి, సముద్రపుగాలి, గుర్రపుస్వారీ, విశ్రాంతులతో కొంత కోలుకున్నాడు. 1821లో పారిస్ చేరి, మరల రోగులసేవలో, బోధనలో నిమగ్నుడయ్యాడు. 1826 నాటికి దగ్గు, జ్వరం ఆయనను క్రుంగదీశాయి. అయినను తన గ్రంథాన్ని సంస్కరించి రెండవ ముద్రణను పూర్తిచేశాడు.

బంధువూ వైద్యుడూ అయిన మేరియాదెక్ స్టెతస్కోపుతో ఆయన ఛాతీని పరీక్షించాడు. లెనెక్ లోకానికి నేర్పిన క్షయ లక్షణాలే అందులో వినిపించాయి. మందు లేని కాలమది. అదే ఏడు ఆగస్టు 13న, 45 ఏళ్ల ప్రాయంలో ఆయన కన్నుమూశాడు. తన స్టెతస్కోపును మేరియాదెక్‌కే అప్పగించి వెళ్లాడు. ఆయన ఊపిరి ఆగినా, ఆయన నేర్పిన విద్య నేటికీ రోగుల ఊపిరిని వింటూనే ఉన్నది.