స్పానిషు భాషకు తొలి పంతులు: నెబ్రీహా

నేడు అనేక దేశములలో పదునొకండు, పండ్రెండేండ్ల బాలబాలికలు స్పానిషును రెండవ భాషగా ప్రారంభించుచున్నారు. వారి తొలి పాఠములలో మొదట అక్షరముల ధ్వనులు, పిమ్మట నామముల ఏకవచన బహువచనములు, ఆ పిమ్మట క్రియారూపముల పట్టికలు కానవచ్చును. పరభాషవారికై ఇట్టి పాఠములను అయిదువందల యేండ్లకు పూర్వమే అచ్చు పుస్తకమున నిలిపిన ఉపాధ్యాయుడు ఆంటోనియో డి నెబ్రీహా. ఇంటిలో ఒక భాష, వీధిలో వేరొక భాష వినుచు పెరుగు మన పిల్లలకు ఆయన కథ పరాయిది కాదని తలచి వ్రాయుచున్నాను.

నెబ్రీహా 1440 తరువాతి సంవత్సరములలో దక్షిణ స్పెయినునందలి లెబ్రీహా అను చిన్న పట్టణమున జన్మించెను. ఊరి పేరే ఆయనకు ఇంటిపేరయ్యెను. సలమాంకా విశ్వవిద్యాలయమున చదివి, పందొమ్మిదేండ్ల ప్రాయమున ఇటలీలోని బొలోన్యా నగరమునకు పోయి, అచట స్పానిషు విద్యార్థులకై నెలకొల్పబడిన కళాశాలలో చేరెను. సుమారు పదేండ్లకు తిరిగి వచ్చునప్పటికి, స్వదేశమున లాటిను బోధన ఆయనకు కంటగింపుగా తోచెను. ఆనాడు శాస్త్రము, ధర్మము, వైద్యము సమస్తమును లాటినులోనే ఉండెడివి. పునాది చెడినచో మేడ నిలువదని ఆయన పట్టుదల. సలమాంకాలో ఆచార్యుడై 1481లో లాటిను ప్రవేశ గ్రంథమును ప్రకటించెను. అది మిక్కిలి వ్యాప్తి చెందెను.

అయితే ఆ పుస్తకమున ఒక చిక్కు కలదు. లాటిను వ్యాకరణము లాటినులోనే ఉండెను. ఈత రానివానిని నడియేట దింపి ఈదుమన్నట్లు, భాష రానివాడు ఆ భాషలోనే దాని సూత్రములను గ్రహింపవలసి వచ్చెను. గురువు దగ్గఱకు పోజాలని సన్యాసినులును, ఇతర స్త్రీలును తమంత తాము చదువుకొనుటకు వీలుగా, లాటిను ప్రక్కనే దేశభాషయగు కాస్టీలియనును వ్రాసి ఇమ్మని ఇసబెల్లా రాణి కోరెను. మొదట ఆ పని వలన తనకు గౌరవము రాదని ఆయన తలచెను. ఇంటి భాషలో శాస్త్రపు మాటలు ఎక్కడ నున్నవని ఆయన సందేహము. పనిలో దిగిన తరువాత తన తలపు పొరపాటని గ్రహించి, ఆ సంగతిని పీఠికలోనే ఒప్పుకొనెను. సుమారు 1488లో ఆ పుస్తకము వెలువడెను. పండితుడు తన తప్పును అచ్చులో ఒప్పుకొనుట అరుదు. ఆయన పట్ల నాకు గౌరవము మొదలైనది ఇక్కడనే.

ఆ అనుభవముతోనే కాబోలు, ఆయన కాస్టీలియనుకే వ్యాకరణము కట్ట పూనుకొనెను. 1492 ఆగష్టు 18న అది సలమాంకాలో వెలువడెను. అప్పటికి పదునైదు దినములకు ముందే కొలంబసు ఓడలు తీరము విడిచినవి. గ్రంథమున అయిదు భాగములు కలవు. తన గ్రంథము మూడు తెగలవారికి పనికివచ్చునని ఆయన చెప్పెను: స్వభాష తీరును తెలియగోరువారు, స్వభాష ద్వారా లాటిను నేర్వగోరువారు, పరభాష నుండి వచ్చి కాస్టీలియను నేర్వగోరువారు. అయిదవ భాగము ఈ కడపటివారిది. స్పెయిను ఉత్తరమున వేరు భాషలాడు బిస్కే, నవార్రా ప్రాంతములవారిని, ఫ్రెంచివారిని, ఇటలీవారిని ఆయన పేర్కొనెను.

రెండవ తెగవారి మాట మన తరగతి గదికి వర్తించును. ద్వితీయా విభక్తి తెలుగున తెలిసిన పిల్లవానికి పరభాషలో దానిని చూపుట నిమిషముల పని. తెలియనివానికి వారము పట్టును. ఇది నేను ప్రతి సంవత్సరము చూచుచున్నదే.

పలికినట్లు వ్రాయవలెను, వ్రాసినట్లు పలుకవలెను అనునది ఆయన నియమము. మనకు ఇది వింతగా తోపదు కాని, ఆంగ్లపు వర్ణక్రమముతో కుస్తీ పట్టినవారికి దాని విలువ తెలియును. లాటినులో లేని ధ్వనులకు తగు గుర్తులుండవలెనని ఆయన వాదించెను. అట్టి ధ్వనులలో ఒకటి మన ఞకారమే. మన వర్ణమాలలో అది జ్ఞానము వంటి సంయుక్తాక్షరములలో తప్ప కానరాదు. స్పెయినువారు తమ దేశము పేరు పలుకునప్పుడెల్ల దానిని పలుకుదురు.

ఈ గ్రంథము వలన ప్రయోజనమేమని రాణి అడిగెననియు, జయించిన అన్యభాషా జనులకు విజేతల శాసనములతో పాటు భాషయు కావలసివచ్చును గదా అని ఆవిలా బిషప్పు బదులు చెప్పెననియు నెబ్రీహాయే పీఠికలో వ్రాసెను. ఆ మాట ఆయనకు సంతోషము కలిగించినట్లున్నది, నాకు కలిగించలేదు. తరువాతి కాలమున అమెరికాలో ఎన్ని జాతుల భాషలు అణగిపోయినవో తలచినప్పుడు ఆ పీఠిక బరువుగా తోచును. అయినను ఆ భాషలకు వ్యాకరణములు, నిఘంటువులు కట్టిన మతబోధకులు ఆయన గ్రంథములనే మాదిరిగా గైకొనిరి. 1555లో మెక్సికోలో మొలీనా నహువాతిలు భాషకు కూర్చిన నిఘంటువు అట్టిదే.

వార్ధక్యము సుఖముగా సాగలేదు. బైబిలు లాటిను పాఠమును హీబ్రూ, గ్రీకు మూలములతో సరిపోల్చి సవరింపబూనగా, మతవిచారణాధికారి డేసా ఆయన కాగితములను లాగికొనెను. డేసా పదవి నుండి తొలగి కార్డినలు సిస్నేరోసు వచ్చిన తరువాతనే ఆయనకు ఊరట కలిగెను. 1513లో సలమాంకాలో ఆచార్యపీఠము ఖాళీయైనప్పుడు, డెబ్బది యేండ్ల ఈ పండితుని కాదని ఒక యువకునికి ఇచ్చిరి. ఆయన మఱల సలమాంకాలో బోధింపలేదు. సిస్నేరోసు ఆయనను అల్కాలాకు పిలిపించి విశ్వవిద్యాలయమున గౌరవముతో నిలిపెను. అక్కడనే 1517లో కాస్టీలియను వర్ణక్రమ నియమములను ప్రకటించి, 1522 జూలైలో మరణించెను.

ఆయన లాటిను పుస్తకము తరతరములుగా ముద్రణలు పొందెను. స్వభాషకై వ్రాసిన వ్యాకరణము మాత్రము 18వ శతాబ్ది నడుమ వరకు రెండవసారి అచ్చు కాలేదు.